యూరోపా యూనివర్సాలిస్ 5: మ్యాప్ మీద రంగు పడగానే రాజ్యం మీదైపోదు

ముందే చెప్పేస్తున్నా, ఒక దేశాన్ని తీసుకుని శతాబ్దాల పాటు నడిపించే ఈ కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్‌లో నాలుగో భాగం ఏళ్ల తరబడి ఆడినవాళ్లకి ఈ ఐదోది మొదట్లో చిరాకు తెప్పిస్తుంది. 2013లో వచ్చిన ఆ గేమ్‌లో అడ్మిన్, డిప్లొమసీ, మిలిటరీ అని మూడు రకాల పాయింట్లు నెలనెలా వచ్చి పడేవి, టెక్నాలజీ కొనాలన్నా, గెలిచిన ప్రాంతాన్ని పూర్తిగా కలుపుకోవాలన్నా, ఊరిని పెంచాలన్నా అవే దిక్కు. రాజు తెలివైనవాడు దొరికితే మన పంట పండినట్టే, మొద్దు దొరికితే ఆయన పోయేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. 2025 నవంబర్‌లో వచ్చిన ఈ కొత్తదాంట్లో ఆ పాయింట్ల గోల మొత్తం ఎత్తేశారు. వాటి బదులు మనుషుల్ని పెట్టారు. ప్రతి లొకేషన్‌లోనూ, అంటే మ్యాప్‌లోని ప్రతి చిన్న ముక్కలోనూ, రైతులెందరు, కూలీలెందరు, పట్టణపు వర్తకులెందరు, ప్రభువులెందరు, వాళ్లది ఏ మతం, ఏ సంస్కృతి, అన్నీ లెక్కే. అలాంటి లొకేషన్లు ఇరవై వేలకు పైనే ఉన్నాయి.

అయినా ఆట నడిచే పద్ధతుల్లో ఒక్కదాని గురించే చెప్పమంటే నేను కంట్రోల్ గురించే, అంటే భూమి మీద మీకున్న పట్టు గురించే చెబుతా, మిగతావన్నీ తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తాయి కాబట్టి. ప్రతి లొకేషన్‌కి సున్నా నుంచి వంద దాకా కంట్రోల్ ఉంటుంది. రాజధాని దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ఆ దూరాన్ని స్కేలు పెట్టి కొలవరు. మధ్యలో కొండలున్నాయా, దట్టమైన అడవి ఉందా, రోడ్డు వేశారా, నది వెంట పోవచ్చా, ఆ సముద్రంలో మీ ఓడలు తిరుగుతున్నాయా, ఇవన్నీ చూసి లెక్క కడుతుంది. ఫ్రాన్స్ తీసుకుని కంట్రోల్ మ్యాప్ ఆన్ చేయండి. పారిస్ చుట్టూ నిండుగా కనిపిస్తుంది, సేన్ నది వెంట కాస్త సాగుతుంది, దక్షిణాన తులూజ్ వైపు దిగేకొద్దీ వెలవెలబోతుంది. అక్కడ జనం లేరా అంటే ఉన్నారు, పంటలూ పండుతున్నాయి, కానీ మీ ఖజానాకి చేరేది అంతంత మాత్రమే. పిలిస్తే వచ్చే సైన్యం సంగతీ అంతే.

దీంతో యుద్ధం మీద ఆలోచనే మారిపోతుంది. పాత గేమ్‌లో పక్కవాడి మీద పడి గెలిచి, కోర్ చేసుకుని (అంటే పూర్తిగా కలుపుకుని), మళ్లీ పడటం ఒక అలవాటు. ఇక్కడ దూరంగా ఉన్న భూమిని గుంజుకుంటే చేతి చమురు వదలడం తప్ప పెద్దగా ఒరిగేది లేదు, ఆదాయం రాకపోగా అక్కడి జనం తిరగబడితే ఆ ఖర్చు అదనం. అందుకే ఆ భూమిని ఒక సామంతుడి చేతిలో పెట్టి వాడి దగ్గర కొంత రాబట్టుకోవడం చాలాసార్లు లాభం. నిజానికి మధ్యయుగపు రాజులు చేసిందీ అదే కదా, కలపడం చేతగాక సామంతుల్ని పెట్టుకున్నారని పుస్తకంలో చదివితే ఎక్కదు, తులూజ్ నుంచి పైసా రానప్పుడు బాగా ఎక్కుతుంది. నాకు బాగా నచ్చింది వెనిస్. అసలు భూమి గోరంత, దాని చేతిలోని క్రీట్ ద్వీపం చూస్తే ఎక్కడో ఉంది, అయినా దారి పొడుగునా సముద్రంలో పట్టుంటే అంత దూరం నుంచీ దాన్ని నడిపించుకోవచ్చు. ఆ పట్టు పోయిందా, ద్వీపం పేరుకే మనది.

కంట్రోల్ పెంచుకోడానికి మార్గాలున్నాయి. రోడ్లు వేయాలి, దూరపు ప్రాంతాల్లో బెయిలిఫ్‌ని, అంటే మీ తరఫు అధికారిని, పెట్టాలి, మంత్రివర్గంలో ఒకణ్ని ఆ ప్రావిన్స్ మీదే కూర్చోబెట్టాలి. ఇదంతా నిదానంగా జరిగే పని. రోడ్డు పూర్తయ్యాక పక్కన ఉన్న లొకేషన్లలో అంకెలు నెలనెలా కొద్దికొద్దిగా పైకి పాకుతుంటే చూడటం, ఎవరికైనా చెబితే నవ్వుతారేమో గానీ, ఒక యుద్ధం గెలిచినంత తృప్తి.

ఇక సైన్యం. మొదట్లో మీకు సొంత సైన్యం దాదాపు ఉండదు, లెవీలు పిలవాల్సిందే. లెవీ అంటే పొలంలో ఉన్న రైతే. పిలిచినన్నాళ్లూ అక్కడ పని తగ్గుతుంది, చస్తే జనాభాలోంచి పోయినట్టే, పాత గేమ్‌లోలాగా మాన్‌పవర్ అనే అంకె నెలనెలా దానంతటదే నిండదు. ఆట 1337 ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి, పదేళ్లు తిరిగేసరికి నల్లమృత్యువు అనే ప్లేగు వచ్చి పడుతుంది. చరిత్రలో 1347లో సిసిలీలోని మెసీనా రేవుకి ఓడల మీద చేరి అక్కణ్నుంచి యూరప్ అంతా పాకింది. ఇక్కడా ఒక్కో లొకేషన్ దాటుకుంటూ వస్తుంటే చూస్తూ కూర్చోవాలి. ఇంగ్లండ్‌తో పోట్లాటలో ముందే సగం లెవీలు పోగొట్టుకున్న ఫ్రాన్స్‌కి ఇది తగిలితే కోలుకోడానికి తరాలు పడుతుంది. టెన్షన్ మామూలుగా ఉండదు. బాగుంది మాత్రం.

ఎస్టేట్లు అంటే రాజ్యంలోని వర్గాలు: ప్రభువులు, మతాధికారులు, పట్టణవాసులు, సామాన్యులు. ఒక్కొక్కరికీ పన్ను విడిగా పెట్టుకోవచ్చు. ఎవరికైనా ఒక ప్రత్యేక హక్కు ఇవ్వడం క్షణం పని, వెనక్కి లాక్కోవాలంటే స్థిరత్వం దెబ్బతింటుంది, వాళ్లకి కోపం వస్తుంది, మీ పాలన కుంటుపడుతుంది. డబ్బు చాలక నాణేలు ఎక్కువ ముద్రిస్తే ద్రవ్యోల్బణం. ఇలా ప్రతి సులువు దారికీ చివర ఒక బిల్లు ఉంటుంది, వెంటనే కాకపోయినా ఇరవై ఏళ్ల తర్వాతైనా వస్తుంది. వ్యాపారం గురించి మాత్రం నన్నడక్కండి. మార్కెట్లు, సరుకులు, గిరాకీని బట్టి ధరలు, అన్నీ శ్రద్ధగానే కట్టారు, నేను ఆటోమేషన్ ఆన్ చేసి వదిలేశా, అది బాగానే నడుపుతోంది.

అన్నీ బాగున్నాయని కాదు. స్క్రీన్ నిండా అంకెలే. ఒకదాని మీద మౌస్ పెడితే చిన్న పెట్టె, అందులో ఒక పదం మీద పెడితే ఇంకో పెట్టె, నాలుగో పెట్టెకి వచ్చేసరికి మొదట ఏం వెతుకుతున్నామో మర్చిపోతాం. భవనాలు కట్టే పని ఆటోమేషన్‌కి అప్పగిస్తే డబ్బు వృథా అవుతోందనిపిస్తుంది, చేత్తో చేద్దామంటే రాజ్యం పెరిగేకొద్దీ క్లిక్కుల పని తడిసి మోపెడవుతుంది. 1337 నుంచి దాదాపు 500 ఏళ్లు ఆడొచ్చన్న మాట నిజమే, కానీ మొదటి 150 ఏళ్లలో ఉన్న పట్టు ఆ తర్వాత సడలుతుంది. కంట్రోల్ సమస్యలు తీరి డబ్బు వరదలా వచ్చాక మనల్ని ఇబ్బంది పెట్టేవాళ్లు తగ్గిపోతారు. సామంతుల్ని కుప్పలుగా పెట్టుకోవడం మరీ సులువైన చిట్కా అయిపోయింది, దాన్ని ఇంకాస్త బిగించాలి. అప్‌డేట్లతో లెక్కలు మారుతూనే ఉన్నాయి కాబట్టి మీరు కొనే నాటికి కొంత సర్దుకుని ఉండొచ్చు.

దండయాత్రలు చేసి మ్యాప్ మొత్తం ఒకే రంగు చేయాలని కొనేవాళ్లు కాస్త ఆగి, ఎవరైనా ఆడుతున్న వీడియో చూసి నిర్ణయించుకోండి. నెమ్మదిగా ఒక దేశాన్ని నిలబెట్టడం ఇష్టమైతే మాత్రం కళ్లు మూసుకుని కొనొచ్చు. మొదటి ఆటకి ఫ్రాన్స్ వద్దు, సామంతుల తగువులతోనే తల ప్రాణం తోకకొస్తుంది. పోర్చుగల్ తీసుకోండి. రాజధాని లిస్బన్ తీరంలోనే ఉంది, దేశం తీరం వెంటే సన్నగా ఉంది కాబట్టి కంట్రోల్ ఎలా పనిచేస్తుందో పెద్ద నొప్పి లేకుండా అర్థమవుతుంది. వ్యాపారం ఆటోమేషన్‌లో పెట్టి, ముందు లిస్బన్ నుంచి ఉత్తరానికి ఒక రోడ్డు వేసి చూడండి.