బోరు పాయింట్ల మీటరుతో రాక్షసగుళ్ల వెతుకులాట

అనంతపురం జిల్లాలో బోరు పాయింట్లు పెట్టే రెసిస్టివిటీ మీటరునే, అనుమతి ఉన్న పరిశోధకుల వెంట వెళ్లి పాత సమాధుల సర్వేకీ ఏళ్లుగా వాడుతున్నాను. కళ్యాణదుర్గం దగ్గర ముదిగల్లులో రాక్షసగుళ్లు, అంటే పెద్ద పెద్ద బండలతో కట్టిన ఆ పాతకాలపు సమాధులు, పైకే కనిపిస్తాయి. మేం వెతికేది దున్ని దున్ని ఆనవాలు చెరిగిపోయిన చేలల్లో.

కడ్డీలు గుచ్చి భూమిలోకి కరెంటు పంపి నేల ఎంత అడ్డుకుంటోందో చూస్తాం. బండ అడ్డుకుంటుంది, తడిమట్టి పోనిస్తుంది. నీళ్ల కోసమైతే ఒకేచోట కడ్డీల ఎడం పెంచుకుంటూ లోతుకు పోతాం. సమాధికి అంత లోతు అక్కర్లేదు. రెండు కడ్డీలు అర మీటరు ఎడంగా చట్రానికి బిగించి, మిగతా రెండూ దూరంగా పాతి, చేనంతా గళ్లు గీసి అర మీటరుకో రీడింగు తీయాలి. నడుం పడిపోతుంది, అయినా గళ్లు పెద్దవి చేయొద్దు.

విడి రీడింగును నమ్మొద్దు. మన దగ్గర అడుగున గ్రానైటే కాబట్టి పెద్ద అంకె వస్తే అది ఉత్త గుండు కావచ్చు. మ్యాపు వేశాకే రూపం తేలుతుంది. బండలు నిలబెట్టి కట్టిన రాతిపెట్టె అయితే పెద్ద అంకెలు చదరంగా వరస కట్టి, మట్టి నిండిన నడిమధ్యలో పడిపోతాయి. ఇటలీలో లెరిచి అనే ఇంజనీరు ఎట్రుస్కన్ (రోమన్లకు ముందు అక్కడ వెలిగిన జాతి) సమాధుల్ని ఇలాంటి సర్వేలతోనే పట్టి, సన్న రంధ్రం వేసి పెరిస్కోపు దించి చూశారు. అక్కడివి చాలావరకు ఖాళీ గదులు. గాలిలో కరెంటు పోదు కనుక అంకె మధ్యలోనే పెరుగుతుంది.

ఎండాకాలంలో ఈ పని దండగ. ఎర్రనేల గట్టిపడి కడ్డీ దిగదు, దిగినా అంకె నిలవక ఊగుతుంది. బోరు పాయింటుకైతే ఉప్పునీళ్లు పోసి నెట్టుకొస్తాం, వందల చోట్ల ఎలా పోస్తాం? వేరుశనగ పీకేశాక, నేలలో పదునుండగా చేయాలి.

జీపీఆర్, అంటే నేలలోకి రేడియో తరంగాలు పంపే రాడారు, ఇచ్చే బొమ్మ ఎర్రనేలలో బాగానే వస్తుంది. ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో మాత్రం బంకమట్టి సిగ్నల్‌ని మింగేస్తుంది. నేల అయస్కాంతత్వంలో తేడాలు పట్టే మాగ్నెటోమీటరుకు కంచె తీగ, బోరు కేసింగు దగ్గరుంటే చాలు, రీడింగు చెడుతుంది. మన చేలకు రెసిస్టివిటీయే నా ఓటు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ మీటరు బంగారం చూపించదు. ఆ పెట్టెల్లో దొరికేవి నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు. గుప్తనిధులంటూ రాత్రిళ్లు తవ్వేవాళ్లు వాటినే పగలగొట్టి పోతున్నారు. అందుకే మ్యాపు పరిశోధకుల చేతికే ఇస్తాను, ఊళ్లో ఎవరడిగినా చోటు చెప్పను.