వైజాగ్ ఫిషింగ్ హార్బర్ రివ్యూ: ఇంట్లో లయన్‌ఫిష్ పెంచేవాళ్ళ కోసం

కూర చేపల కోసం హార్బర్‌కి వెళ్ళేవాళ్ళకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకుని అందులో లయన్‌ఫిష్ లాంటి వేటాడే చేపని పెంచుతూ దానికేం పెట్టాలా అని ఆలోచించేవాళ్ళ కోసం రాస్తున్నా. వైజాగ్‌లో గానీ చుట్టుపక్కల గానీ ఉంటే తిండి కోసం అక్వేరియం షాపు కంటే ముందు ఫిషింగ్ హార్బర్‌కే వెళ్ళండి, నా మాట అదే. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తా.

నా దగ్గరున్నది వోలిటాన్స్ లయన్‌ఫిష్, దాంతో పాటు పాములా పొడుగ్గా ఉండే స్నోఫ్లేక్ ఈల్ అనే చేప ఒకటి. వోలిటాన్స్ షాపులో చూస్తే అరచేయంత కూడా ఉండదు, రెక్కలు విప్పుకుని తిరుగుతుంటే ఎంత ముద్దొస్తుందో, కానీ పెరిగితే అడుగు దాటిపోద్ది కాబట్టి కనీసం 450 లీటర్ల ట్యాంకు, దానికి తగ్గ ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో నీళ్ళలో మురికిని లాగేసే మెషిన్) పెట్టలేకపోతే దాని జోలికి వెళ్ళొద్దు, చిన్నగానే ఉండే డ్వార్ఫ్ లయన్ రకం తెచ్చుకోండి, అందంలో ఏం తక్కువ కాదు. వైజాగ్ ఎండలకి నీళ్ళు 25, 26 డిగ్రీల దగ్గర నిలబడాలంటే చిల్లర్ కూడా తప్పదు.

ఇక తిండి. మన ఊళ్ళో ఒక అక్వేరియం షాపులో లయన్‌ఫిష్ కొంటుంటే అక్కడే కవర్లో బతికున్న గోల్డ్‌ఫిష్‌లు కూడా కట్టి ఇవ్వబోయారు, వారానికి ఇన్ని వేస్తే చాలు అన్నారు, నేను వద్దన్నా. చాలామంది ఇదే పద్ధతిలో పెంచుతారు, కొన్ని నెలలు బానే ఉంటది కూడా, తర్వాత చేప ఉన్నట్టుండి తిండి మానేసి, ఈత తడబడి పోతుంది, ఎందుకు పోయిందో ఎవరికీ అర్థం కాదు. గోల్డ్‌ఫిష్‌లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ని విరగ్గొట్టేస్తుంది. మనుషుల్లో బెరిబెరి వచ్చేది కూడా ఈ బి1 తక్కువయ్యే. పైగా మంచినీటి చేపల్లో ఉండే కొవ్వు వేరు, సముద్రపు చేప ఒంటికి కావాల్సిన కొవ్వు వేరు, అదే పనిగా పెడితే లివర్‌కి కొవ్వు పడుతుంది. సముద్రంలో తిరిగే చేపకి సముద్రపు తిండే పెట్టాలి, అది పెట్టడానికి మనకి హార్బర్ ఉంది, ఢిల్లీలోనో బెంగళూరులోనో పెంచేవాళ్ళకి ఈ అదృష్టం లేదు, వాళ్ళు ఫ్రోజెన్ ప్యాకెట్లు తెప్పించుకోవాల్సిందే.

తెల్లారేసరికి వెళ్ళండి. బోట్లు వచ్చి ఐసులో ఉన్న సరుకు దించుతుంటారు, జెట్టీ మీదే వేలంపాట నడుస్తుంటది, ఆ పెద్ద లాట్లు మనకి అక్కర్లేదు, వేలంలో కొనుక్కుని పక్కనే గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. మొదట్లో నేను చిన్నవే కావాలి, వేలంత పొడుగున్నవే కావాలి అని ఏరుతుంటే ఒకామె "ఏటి బాబూ, ఈ చిన్నవాటిలో కూరకేటొస్తది" అంది. ఇంట్లో చేపని పెంచుతున్నానమ్మా దానికి అన్నాను. "చేపకి చేపనే ఎడతావేటి!" అని పక్కవాళ్ళందరికీ చెప్పింది. ఇప్పుడు నన్ను చూస్తే చాలు చిన్నవి ఏరి పక్కన పెడుతుంది, నీ చేప బాగుందా బాబూ అని అడుగుతుంది కూడా. ఇలాంటి మనిషి ఒకరు దొరికితే సగం పని అయిపోయినట్టే, ఏ రోజు సరుకు తాజాదో ఏది నిన్నటిదో వాళ్ళే చెప్పేస్తారు.

ఏం కొనాలి అంటే, ముందు రొయ్యలు, తలతో పొట్టుతో ఉన్నవే తీసుకోండి. బాగా తెల్లగా మెరుస్తుంటే అనుమానించండి, నల్లబడకుండా సోడియం మెటాబైసల్ఫైట్ నీళ్ళలో ముంచే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది, అందుకే నేను అప్పుడే బోటు దిగినవి అడిగి తీసుకుంటా, అయినా ఇంటికొచ్చాక బాగా కడుగుతా. ఆ తర్వాత గులివిందలు, కారలు లాంటి చిన్న చేపలు, వీటిని ముక్కలు చెయ్యకుండా పేగులతో సహా మొత్తంగా పెట్టాలి, లయన్‌ఫిష్‌కి కావాల్సిన కాల్షియం, విటమిన్లు ఆ ఎముకల్లో, లివర్లోనే ఉంటాయి, ఉట్టి కండ ముక్కలు పెడితే కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. వెన్ను మీద ముల్లు గట్టిగా ఉంటే కత్తెరతో కత్తిరించేయండి. స్క్విడ్ కూడా మంచిదే, సన్నగా పీలికలు చేసి పెడితే నీళ్ళలో బాగా ఊగుతుంది, బతికున్నదే అనుకుని మింగేస్తుంది.

నెత్తళ్ళు చూస్తే సైజు సరిగ్గా సరిపోతుంది, ధర కూడా తక్కువే, చెయ్యి అటే వెళ్తుంది. కానీ నెత్తళ్ళలో కూడా థయామినేజ్ ఉంటుంది, ఫ్రీజర్లో పెట్టినా ఆ ఎంజైమ్ చావదు, వండితేనే పోతుంది, మనం వండి పెట్టం కదా. అందుకని ఎప్పుడో ఒకసారి మార్పు కోసం తప్ప రోజూ తిండిగా వద్దు. కవళ్ళతో ఇంకో తలనొప్పి, నూనె ఎక్కువ, ట్యాంకులో వేశాక నీటి మీద జిడ్డు తేలి స్కిమ్మర్లో నురగ మొత్తం కూలిపోతుంది, మళ్ళీ మామూలు అవ్వడానికి టైమ్ పడుతుంది. ఏది పెట్టినా ఒకే రకం మాత్రం పెట్టకండి, ఈ వారం రొయ్యలు ఎక్కువైతే వచ్చే వారం చేప, మధ్యలో స్క్విడ్. హార్బర్‌కి నేను ఇంత మార్కులు ఇవ్వడానికి అసలు కారణం ఈ రకాలే, ఏ ప్యాకెట్‌లోనూ ఇన్ని దొరకవు.

ఈల్ ఉన్నవాళ్ళకి ఇంకా పండగ. స్నోఫ్లేక్ ఈల్ పళ్ళు మొద్దుగా ఉంటాయి, పీతలూ రొయ్యలూ పగలగొట్టుకుని తినడానికే పుట్టింది అది, చిన్న పీతలు గంప అడుగున ఎవరూ కొననివి ఉంటాయి, అడిగితే ఊరికే ఇచ్చేస్తారు.

బతికున్నవి మాత్రం సముద్రం నుంచి నేరుగా ట్యాంకులోకి వద్దు. సముద్రపు చేపతో పాటు మెరైన్ ఇక్ (చేప ఒంటి మీద తెల్ల చుక్కలు తెచ్చే పరాన్నజీవి) లాంటివి వచ్చాయంటే ట్యాంకు మొత్తం పోతుంది. ఏది కొన్నా ముందు కడిగి, ఒక పూటకి సరిపడా చిన్న చిన్న కవర్లలో పరిచి కనీసం వారం గట్టిగా గడ్డకట్టించాకే వాడండి, పురుగులు చావడానికి మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు అనేది మనుషులు పచ్చిగా తినే చేపకి కూడా చెప్పే లెక్కే. పెట్టేముందు చిన్న గిన్నెలో కరిగించి ఆ నీళ్ళు పారబోసి, విటమిన్ చుక్కలు వేసి కాసేపు నానబెడతా.

కొత్తగా తెచ్చిన లయన్‌ఫిష్ చచ్చిన చేపని మొహమెత్తి చూడదు, కదిలేదే దానికి తిండి. బతికున్న చిన్న రొయ్యలతో (నేరుగా సముద్రంలోంచి తెచ్చినవి కాదు) మొదలుపెట్టి, లేకపోతే మోలీలనే చిన్న చేపల్ని మెల్లగా ఉప్పునీటికి అలవాటు చేసి వాడుకుని, తర్వాత పొడవాటి అక్రిలిక్ కర్రకి కరిగిన రొయ్యని గుచ్చి దాని ముందు ఊపుతూ ఉండాలి. రెక్కలు వెడల్పుగా చాపి రొయ్యని మూలకి తోసి, ఆగి, ఒక్కసారి నోరు తెరిచి లాగేస్తుంది, కళ్ళకి కనపడదు అంత వేగం, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పెట్టేది దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే లావుగా ఉండకూడదు, పెద్దది మింగితే కక్కేస్తుంది, ఆ కక్కింది కుళ్ళి అమ్మోనియా లేస్తుంది. పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు చాలు. అడుగుతూనే ఉంటుంది, అద్దం దగ్గరికొచ్చి మొహం పెడుతుంది, పెట్టేయకండి. చెయ్యి మాత్రం ట్యాంకులో పెట్టొద్దు, వెన్ను మీదే 13 విషపు ముళ్ళున్నాయి, గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, చెయ్యి ముంచి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు సంగతి. శుభ్రం తక్కువ. నేలంతా తడి, నూనె, చేపనీళ్ళు, రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్ళండి. ఎండెక్కేకొద్దీ ఐసు కరిగిన గంపల్లో సరుకు మెత్తబడిపోతుంది, కళ్ళు తేటగా మొప్పలు ఎర్రగా ఉన్నవి తప్ప మిగతావి మీ ట్యాంకుకి వద్దు, మన కడుపు తట్టుకుంటుందేమో గానీ ఆ చిన్న నీళ్ళు తట్టుకోవు. సముద్రం పక్కనే ఉంది కదా అని అక్కడి నీళ్ళు క్యాన్లలో పట్టుకెళ్ళేవాళ్ళని చూశాను, బోట్ల డీజిలు, ఊరి మురుగు అన్నీ కలిసే చోటు అది, దయచేసి వద్దు, ఆర్వో నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ కలుపుకోండి. ఇంకోటి, వలలో పడ్డ సముద్రపు గుర్రమో పగడపు రాయో ఎవరైనా చూపించి తీసుకోమంటే ముట్టుకోవద్దు, 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉన్నాయి, జెయింట్ గ్రూపర్ కూడా. నేరం సంగతి పక్కన పెట్టినా, మనకి చేపలంటే ప్రేమ ఉంటే వాటిని కొనకూడదు.

ఇక వేట నిషేధం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఆ నిషేధం ఉండాల్సిందే, లేకపోతే రేపు మనకీ ఉండదు చేపలకీ ఉండదు. ఆ రెండు నెలలు హార్బర్లో దొరికేది తక్కువ, ధర ఎక్కువ, చెరువు రొయ్యలు మాత్రం దొరుకుతాయి, వాటితోనే నెట్టుకొస్తే మళ్ళీ ఒకే తిండి అయిపోతుంది. అందుకే ఏప్రిల్ మొదటి వారంలోనే గులివిందలు, కారలు, స్క్విడ్ తెచ్చి కవర్ల మీద తారీకు రాసి ఫ్రీజర్ నింపేసుకోండి, ఇంట్లోవాళ్ళతో ఒక అర మీకు వదిలేయమని ముందే మాట్లాడుకోండి. థర్మోకోల్ పెట్టె ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, ఐసు అక్కడే దొరుకుతుంది.