కేదార్‌కంఠ ట్రెక్‌కి డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి

మంచు చూడాలని డిసెంబర్, జనవరి నెలల్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ట్రెక్ బుక్ చేసుకుంటున్న మన తెలుగువాళ్ల కోసం ఈ పోస్టు. "తక్కువ ధర, తెలుగు లీడర్, మన ఫుడ్" అని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్యాకేజీలు అమ్మే పేజీలతో చాలా జాగ్రత్తగా ఉండండి. మీ దగ్గర డబ్బు తీసుకునేది ఒకరు, కొండ మీదకి తీసుకెళ్లేది ఇంకొకరు. ఆ రెండోవాళ్లు ఎవరో తెలియకుండా రూపాయి కూడా పంపకండి.

మేము ఆఫీసు ఫ్రెండ్స్ కలిసి హైదరాబాద్ నుంచి వెళ్లాం. పదిహేను మందికి మించని బ్యాచ్, సర్టిఫికెట్ ఉన్న లీడర్, ఆక్సిజన్ సిలిండర్, ఇన్సూరెన్స్ అని పేజీలో స్పష్టంగా రాశారు. డబ్బు మాత్రం సంస్థ ఖాతాకి కాకుండా ఒక వ్యక్తి సొంత యూపీఐకి పంపమన్నారు. బిల్లు అడిగితే ట్రెక్ అయ్యాక ఇస్తామన్నారు. డెహ్రాడూన్‌లో బండి ఎక్కేదాకా ఫోన్ చేసిన ప్రతిసారీ ఎత్తి మర్యాదగానే మాట్లాడారు.

డెహ్రాడూన్ నుంచి పురోలా, మోరీ మీదుగా ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీకి సుమారు 200 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు కాబట్టి పగలంతా ప్రయాణమే. అక్కడ దిగాక తెలిసింది, మమ్మల్ని ఇంకో ఆపరేటర్‌కి అప్పగించేశారని. అదే ట్రెక్‌ని వేరే పేజీల్లో వేరే ధరలకి కొన్నవాళ్లందరినీ మాతో కలిపి ఒకే గుంపు చేశారు. తెలుగు లీడర్ అసలు రాలేదు. అన్నిటికంటే భయపెట్టింది ఏంటంటే, బుకింగ్ అప్పుడు మా దగ్గర నింపించుకున్న హెల్త్ ఫారాలు ఆ గైడ్ల దాకా చేరనే లేదు. మాలో ఒకరికి ఆస్తమా ఉందని వాళ్లకి తెలియదు. ఇన్సూరెన్స్ పాలసీ నంబర్ అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. స్లీపింగ్ బ్యాగుల తడి, బూట్లకి వేసుకునే మైక్రోస్పైక్స్‌కి మళ్లీ అద్దె అడగడం లాంటివి కూడా ఉన్నాయి కానీ వాటి గురించి రాయడం అనవసరం.

అసలు విషయం బేస్ క్యాంపులో, అంటే శిఖరం ఎక్కే ముందు రాత్రి ఆగే పై క్యాంపులో జరిగింది. మా ఫ్రెండ్‌కి (ఆస్తమా ఉన్నవాడు కాదు, మాలో అందరికంటే ఫిట్‌గా ఉండేవాడు) సాయంత్రం తలనొప్పి మొదలై రాత్రికి వాంతులయ్యాయి. ఆక్సిజన్ అడిగితే సిలిండర్ కింద సాంక్రీలో ఉందన్నారు. వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్ కూడా లేదు. నీళ్లు తాగి పడుకుంటే తగ్గుతుందని గైడ్ చెప్పాడు. అంత గుంపుకి ఇద్దరే గైడ్లు. ఒకరు వీణ్ణి కిందికి తీసుకెళ్తే తెల్లవారుజామున మిగతావాళ్లకి శిఖరం ఎక్కడం ఉండదు, అందుకే ఎవరూ కదల్లేదు. చివరికి పక్క టీమ్ లీడర్ తన మనిషిని ఇచ్చి దింపించాడు. దారిలో కింద ఉండే జూడా కా తాలాబ్ అనే చెరువు దాకా దిగేసరికే వాడికి తేలికైంది. ఆ పక్క టీమ్ అక్కడ లేకపోతే ఏమయ్యేదోనని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

"బిగినర్ ట్రెక్ అండీ, ఏం కాదు" అని అమ్మేవాళ్లు చెప్తారు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తులో ఉంది. కేదార్‌కంఠ శిఖరం 12,500 అడుగులు. దాదాపు 8,000 అడుగులు దాటాక ఎవరికైనా ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తుకి శరీరం అలవాటుపడక వచ్చే జబ్బు) రావచ్చు, జిమ్‌కి వెళ్లే అలవాటు దాన్ని ఆపదు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ పడుకునే చోటు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదని వైద్యులు చెప్తారు. రోజులు కుదించి చవగ్గా అమ్మే ప్యాకేజీల్లో ముందు పోయేది ఇలా మెల్లగా ఎక్కే వ్యవధే. తలనొప్పితో పాటు వాంతులు వస్తే ఇంక పైకి వెళ్లకూడదు. తూలుతూ నడుస్తున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దింపాలి, రాత్రయినా సరే. ఆక్సిజన్, మందులు కాస్త సమయం ఇస్తాయి, అంతే. వాతావరణం ఎదురు తిరిగితే అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. 2024 జూన్‌లో ఇదే ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ ట్రెక్‌కి వెళ్లిన 22 మంది బృందంలో 9 మంది ప్రాణాలు పోయాయి.

సాంక్రీ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. మేము కట్టినదాంట్లో వాళ్ల దాకా చేరింది చాలా తక్కువని వాళ్లే చెప్పారు. ఆ డబ్బుతో ఇంకో ఇద్దరు గైడ్లు వచ్చేవాళ్లు. కోపమంతా మధ్యలో కూర్చుని ఫొటోలు పెట్టి అమ్మినవాళ్ల మీదే.

తిరిగొచ్చి డబ్బు అడిగితే మొదట సారీ చెప్పారు, తర్వాత ఫోన్ నంబర్లు బ్లాక్ చేశారు. ఇలాంటిది మీకు జరిగితే డెహ్రాడూన్ వెళ్లి తిరగాలేమో అని వదిలేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మేము అలాగే చేశాం, ఇంకా తేలలేదు. డబ్బు తీసుకుని అసలు ట్రెక్కే లేకుండా మాయమైతే అది మోసం, వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

బుక్ చేసేవాళ్లు ఫోన్లో కాకుండా వాట్సాప్‌లో రాసి అడగండి. సాంక్రీ నుంచి మమ్మల్ని నడిపించేది ఏ సంస్థ, లీడర్ పేరేంటి, ఎంతమందికి ఎందరు గైడ్లు? సిలిండర్ పై క్యాంపు దాకా వస్తుందా? ఒకరికి బాగోకపోతే కిందికి దింపేది ఎవరు? ఈ ట్రెక్ దారి ఉన్న గోవింద్ అభయారణ్యంలోకి అటవీ శాఖ పర్మిట్ ఎవరి పేరు మీద తీస్తున్నారు? ఇన్సూరెన్స్ పాలసీ కాపీ బయలుదేరకముందే తెప్పించుకుని, అది ట్రెక్కింగ్‌కి, 12,500 అడుగుల ఎత్తుకి వర్తిస్తుందో లేదో చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి వర్తించదు.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు కూడా ఈరోజే ఇవి అడగండి. ఆ పేజీ పోస్టులు, చాట్లు, చెల్లింపులు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మేము అడగడం మొదలుపెట్టాక వాళ్ల పేజీలో ఆక్సిజన్ అని రాసిన పోస్టు తీసేశారు.