ఒక్కరే బ్లీడింగ్ చేసుకునే బాటిల్: పాత మారుతి పెడల్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

మారుతి 800, జెన్, మొదటి తరం ఆల్టో లాంటి కార్లకి బ్రేకుల బ్లీడింగ్, అంటే బ్రేక్ పైపుల్లో చేరిన గాలిని ఆయిల్‌తోపాటు బయటికి తీయడం, చేయాలంటే మామూలుగా ఇద్దరు కావాలి. ఒకరు లోపల బ్రేక్ పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిప్పల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) తిప్పాలి. ఆ రెండో మనిషి లేకుండా పని జరిపించేదే ఈ బాటిల్. చిన్న ప్లాస్టిక్ సీసా, లోపలున్నది కనిపించే పైపు, ఆ పైపులో ఒక వన్‌వే వాల్వు. పెడల్ తొక్కితే ఆయిల్ సీసాలోకి వస్తుంది, వదిలితే వెనక్కి పోదు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ఆ డబ్బుకు న్యాయం చేస్తుంది. అయితే పెడల్ మెత్తబడడానికి ప్రతిసారీ గాలే కారణం కాదు. కొనే ముందు అది తేల్చుకోండి.

పెడల్ లోతుగా దిగి, గబగబా రెండు మూడుసార్లు తొక్కితే పైకి లేస్తోందా? ఎయిర్ పట్టి ఉండొచ్చు, వెనక బ్రేక్ డ్రమ్ముల్లో లైనర్లకీ (డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే పట్టీలకీ) డ్రమ్ముకీ మధ్య గ్యాప్ పెరిగీ ఉండొచ్చు. తేడా పట్టుకోవడానికి బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి ఉంచి పెడల్ తొక్కండి. ఇదివరకటికన్నా బాగా పైన ఆగితే అది లైనర్ల గ్యాపే, బ్లీడింగ్ ఎన్నిసార్లు చేసినా తీరదు. నొక్కి పట్టుకున్న పెడల్ అర నిమిషంలో మెల్లగా కిందికి జారిపోతుంటే, బయట ఎక్కడా లీకు లేకపోతే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం) లోపలి రబ్బరు బకెట్లు, అంటే సీళ్లు, పోయినట్టే. దానికి కొత్త సిలిండరే మందు. పెడల్ రాయిలా బిగుసుకుంటే బూస్టర్‌నీ (తొక్కే బలాన్ని పెంచే భాగం) దాని వాక్యూమ్ పైపునీ చూడాలి, అది వేరే జబ్బు.

ఈ వయసు కార్లలో లైనర్ల గ్యాపే ఎక్కువగా చూస్తాం. ఆ గ్యాప్‌ను తనంతట తాను తగ్గించే సెల్ఫ్ అడ్జస్టర్ పళ్ల మధ్య తుప్పు, దుమ్ము చేరి కదలడం మానేస్తుంది. లైనర్లు అరిగినకొద్దీ పెడల్ ఇంకా ఇంకా దిగుతుంది. చాలామంది హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగించి సరిపెడతారు. అది తప్పు. కేబుల్ బిగుసుకుపోతే అడ్జస్టర్ తన పని తాను చేసుకోలేదు. కేబుల్ వదులు చేసి, డ్రమ్ము విప్పి, అడ్జస్టర్ కడిగి, చేత్తో తిప్పితే లైనర్ డ్రమ్ముకు సన్నగా రాసుకునేంత వరకు సెట్ చేసి, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకోండి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదొద్దు, గాలి పంపుతో కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

ఇక బాటిల్ సంగతి. ముందు రిజర్వాయర్‌లోని (బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలోని) నల్ల ఆయిల్‌ను 50 మి.లీ. సిరంజితో లాగేసి కొత్తది పోయండి, లేకపోతే ఆ మురికంతా పైపుల్లోంచే పోవాలి. స్టీరింగ్ కుడివైపు ఉన్న మన కార్లలో ఎడమ వెనక చక్రం అన్నిటికన్నా దూరం కాబట్టి సాధారణంగా అక్కడ మొదలుపెడతారు. మీ మాన్యువల్‌లో వేరే వరస ఉంటే అదే పాటించండి. సీసా అడుగున కొంచెం కొత్త ఆయిల్ పోసి పైపు ఒక కొస అందులో మునిగేలా పెట్టి, రెండో కొసను నిప్పల్‌కి తగిలించండి. సీసాను నిప్పల్ కన్నా ఎత్తులో తగిలిస్తే బుడగలు పైకే పోతాయి. నిప్పల్‌ను పావు చుట్టు వదులు చేసి, పెడల్ నిదానంగా తొక్కి నిదానంగా వదలండి. వేగంగా తొక్కితే గాలి చిన్న చిన్న బుడగలుగా విడిపోయి ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ప్రతి ఐదు తొక్కులకీ దిగి రిజర్వాయర్ చూడాలి. అది ఖాళీ అయితే పని మళ్లీ మొదటికొస్తుంది. దూరపు వెనక చక్రానికి సుమారు 150 మి.లీ., రెండో వెనక చక్రానికి 100, ముందు రెండింటికీ చెరో 75 అనుకుంటే 500 మి.లీ. డబ్బా సరిపోతుంది.

పెడల్ కింద మాత్రం ఒక చెక్కముక్క పెట్టండి. పెడల్ ఏళ్ల తరబడి నేల దాకా వెళ్లని కార్లలో సిలిండర్ లోపలి ఆ చివర తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఒక్కసారి పూర్తిగా తొక్కితే బకెట్ల అంచులు చీరుకుపోతాయి. బ్లీడింగ్ చేశాకే మాస్టర్ సిలిండర్ పాడైందని చాలామంది అనేది ఇందుకే.

ఈ సరుకులో లోపం పైపు దగ్గరే ఉంది. చవక కిట్లలో అది నిప్పల్ మీద వదులుగా కూర్చుని, అంచు నుంచి గాలి పీల్చుకుంటుంది. గాలి ఇంకా బ్రేకుల్లోంచే వస్తోందనుకుని మనం తొక్కుతూనే ఉంటాం. చేపల తొట్టికి వాడే సన్న పైపు కొని, వేడినీళ్లలో అర నిమిషం ముంచి నిప్పల్ మీదకు ఎక్కిస్తే బిగువుగా పడుతుంది. వాల్వును కొత్తగా ఉన్నప్పుడే నోటితో పరీక్షించండి: ఒకవైపు నుంచి ఊదితే గాలి పోవాలి, అదే వైపు నుంచి పీలిస్తే రాకూడదు. ఆయిల్ తగిలాక మాత్రం నోట పెట్టొద్దు, అది విషం.

నిప్పల్‌కి 8 లేదా 10 మి.మీ. రింగు పానా వాడండి, ఓపెన్ పానాతో మూలలు అరిగిపోతాయి. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.

బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 కన్నా డాట్ 4 మేలు. కొత్తదానికి మరిగే స్థాయి డాట్ 3కి కనీసం 205 డిగ్రీలు, డాట్ 4కి 230. నీరు చేరాక అవి 140, 155కి పడిపోతాయి. తేమను పీల్చుకోవడం దాని గుణం కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి, ఎప్పుడో మూత తీసిన డబ్బా వాడకూడదు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ని వీటిలో కలపొద్దు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి ఈ బాటిల్ ఒక్కటే చాలకపోవచ్చు, దాని మాడ్యూల్‌లో గాలి చేరితే స్కానర్ కావాలి. ఏబీఎస్ లేని పాత చిన్న కారుకైతే, పైపు మార్చుకునే ఓపిక ఉంటే, తప్పకుండా కొనొచ్చు. పనయ్యాక ఇంజన్ ఆన్‌లో పెట్టి పెడల్ గట్టిగా తొక్కి, ఒక్కో నిప్పల్ దగ్గరా తడి ఉందేమో చూసి, ఖాళీ స్థలంలో నడక వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూశాకే రోడ్డెక్కండి.