మా ఊరి ఆర్వో ప్లాంట్: నీళ్లకు నాలుగు స్టార్లు, గోడమీది కాగితానికి ఒకటే

మాది నల్గొండ జిల్లా. బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తోనే మా నాయనమ్మ నడుము వంగిపోయింది. అందుకే రెండేళ్లుగా ఈ ప్లాంట్ నీళ్లే తాగుతున్నాం. 20 లీటర్ల క్యాన్ 5 రూపాయలు, పొద్దున 6కే తెరుస్తారు, నీళ్లు తేటగా ఉంటాయి.

పోయిన నెల ప్లాంట్ నడిపే అతన్ని "అన్నా, ఫ్లోరైడ్ ఎంతుంది?" అని అడిగా. టీడీఎస్ పెన్ను ముంచి, "85, బంగారం లాంటి నీళ్లు తమ్మీ" అన్నాడు. ఆ పెన్ను మొత్తం లవణాలనే చూపిస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చెప్పదు. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతేనే 1.5. గోడమీది ల్యాబ్ రిపోర్టేమో 2022ది, అక్షరాలు వెలిసిపోయాయి. మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే పొర) ఎప్పుడు మార్చావంటే "మొన్ననే" అంటాడు. ఆ మొన్న ఏడాదిగా నడుస్తోంది.

ఇంకోటి, ఆర్వో నీళ్లలో క్లోరిన్ మిగలదు. క్యాన్ మూత దగ్గర పాచి పడితే ఆపేదేమీ ఉండదు. వదిలేసిన నీళ్ల పైపు బర్రెల తొట్టిలోకి పెట్టారు, ఫ్లోరైడంతా అందులోనే కదా!

చివరికి నేనే సీసా పట్టుకెళ్లి ల్యాబ్‌లో ఇచ్చా. ఫ్లోరైడ్ 0.6 వచ్చింది. జిరాక్స్ తీసి పాత కాగితం మీద అతికించా.