థామస్ లింకన్ వెంట: కెంటకీ నుంచి ఇల్లినాయి దాకా మూడు రోజులు

అబ్రహాం లింకన్ పుట్టిన చోటికి చాలామంది వెళ్తారు. ఆయన తండ్రి థామస్ బతుకు తెలియాలంటే మాత్రం అక్కడితో ఆగితే చాలదు. కెంటకీ, ఇండియానా, ఇల్లినాయి మూడూ ఆయన వలస వెళ్లిన వరసలోనే తిరగాలి. చూడాల్సిన చోట్లన్నీ పల్లెపట్టులే కాబట్టి మూడూ చుట్టాలంటే కారు తప్పనిసరి. శాకాహారులు రొట్టెలో, పులిహోరో వెంట కట్టుకోవడం మంచిది.

మొదటి మజిలీ కెంటకీలోని హాడ్జెన్‌విల్. 1808లో థామస్ 200 డాలర్లకు కొన్న సింకింగ్ స్ప్రింగ్ పొలం ఇదే. ప్రవేశం ఉచితం. లింకన్ బతికిన ఏళ్లకు గుర్తుగా కట్టిన 56 మెట్లు ఎక్కితే, గుడిలాంటి రాతి కట్టడం లోపల ఒక దుంగల గుడిసె కనిపిస్తుంది. ఆయన పుట్టిన ఇల్లు ఇదేనని పొరబడకండి. 2004లో దుంగల్లోని వలయాలు లెక్కపెడితే అన్నిటికన్నా పాత దుంగే 1848 నాటిదని తేలింది. అందుకే గుడిసె కన్నా కింద గుంతలో ఉన్న ఊటకే ఎక్కువ సమయం ఇవ్వండి. ఆ ఇంటివాళ్లు నీళ్లు తెచ్చుకున్నది అక్కడి నుంచే.

ఆ పొలం పట్టా తగాదాలో పడింది. 1811లో కాపురం దగ్గర్లోని నాబ్ క్రీక్‌కు మారింది. అక్కడా అదే చిక్కు. కెంటకీలో చెట్టునో వాగునో హద్దుగా చూపి కొలిచేవాళ్లు, ఒకే భూమికి ఇద్దరు ముగ్గురు హక్కుదారులు తేలేవాళ్లు. నాబ్ క్రీక్‌లో అరగంట చాలు. బస ఎలిజబెత్‌టౌన్‌లో పెట్టుకోండి. 65వ ఇంటర్‌స్టేట్ పక్కనే హోటళ్లు దండిగా ఉంటాయి.

రెండో రోజు ఇండియానాలోని లింకన్ సిటీ. రెండు గంటలకు పైగా ప్రయాణం. గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి, ఎందుకంటే హాడ్జెన్‌విల్ తూర్పు సమయంలో, ఇది మధ్య సమయంలో ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఇది మరిచిపోతే విమానం తప్పుతుంది. ఇక్కడ ప్రభుత్వమే చదరాలుగా కొలిచి భూమి అమ్మేది. పట్టా భయం లేదని థామస్ 1816 డిసెంబరులో వచ్చాడు.

మూడింటిలో మనసును పట్టేది ఇదే. థామస్ భార్య నాన్సీ 1818 అక్టోబరు 5న పాల జబ్బుతో పోయింది. వైట్ స్నేక్‌రూట్ అనే మొక్క మేసిన ఆవుల పాలలోకి దిగే విషమే ఆ జబ్బుకు కారణం. ఆమె సమాధి ఇక్కడే ఉంది. మరుసటి ఏడాది థామస్ ఎలిజబెత్‌టౌన్‌కు తిరిగి వెళ్లి, ముగ్గురు పిల్లలున్న వితంతువు సారా బుష్ జాన్‌స్టన్‌ను పెళ్లాడి తీసుకొచ్చాడు. కాన్పులో పోయిన కూతురు సారా సమాధి రోడ్డుకు అవతల రాష్ట్ర పార్కులో ఉంది. అక్కడ కారుకు రుసుము కట్టాలి. ఆనాటి సేద్యం చూపే పొలంలో మనుషులు పని చేస్తూ కనిపించేది వెచ్చని నెలల్లోనే, చలికాలం వెళ్తే ఖాళీ గుడిసెలే. పక్కనే శాంటా క్లాజ్ అనే ఊరు, అందులో పెద్ద వినోద పార్కు. వేసవిలో గదులు అక్కడ దొరకకపోతే జాస్పర్ చూడండి.

మూడో రోజు ఇల్లినాయిలో చార్లెస్టన్‌కు దక్షిణాన 8 మైళ్లలో, థామస్ ఆఖరి పొలం ఉన్న గూస్‌నెస్ట్ ప్రేరీ. మధ్య సమయమే, దారి మాత్రం సుమారు మూడు గంటలు. ఆయన ఉన్న అసలు గుడిసెను 1893 నాటి షికాగో ప్రదర్శనకు విప్పి తీసుకెళ్లారు, మళ్లీ తిరిగి రాలేదు. ఇప్పుడున్నది 1930లలో కట్టిన నమూనా. అయినా ఒక్క చోటే చూసే తీరిక ఉంటే ఇక్కడికే రండి. అన్ని పొలాలు వదిలిన థామస్ చివరిదాకా నిలిచింది ఇక్కడే. 1845లో ఈ చిన్న ఇంట్లో 18 మంది ఉండేవారు. లోపల నిలబడితే ఆ ఇరుకు అర్థమవుతుంది. ఇదొక్కటే చూస్తూ కారు వద్దనుకునేవాళ్లు షికాగో నుంచి మట్టూన్ దాకా రైల్లో వచ్చి టాక్సీ పట్టాలి, తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకోవాలి. చార్లెస్టన్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు, స్నాతకోత్సవం రోజుల్లో గదులు కష్టం.

థామస్ 1851 జనవరి 17న పోయాడు. కొడుకు అబ్రహాం తండ్రి అంత్యక్రియలకు రాలేదు. 1861 జనవరి చివర్లో, అధ్యక్ష పదవి చేపట్టడానికి ముందు, సవతి తల్లిని చూడ్డానికి మాత్రం వచ్చాడు. థామస్, రెండో భార్య సారా ఇద్దరూ దగ్గరలోని షిలో శ్మశానంలో ఉన్నారు. గుడిసె చూసి నేరుగా వెనక్కి తిరగకుండా కారులో అక్కడికీ వెళ్లండి, కొద్ది నిమిషాల దారే.