టికెట్ల నంబరింగుకు వర్డ్ మెయిల్ మెర్జ్: వెయ్యి దాకా ఢోకా లేదు

అన్నదానం టోకెన్లు, లక్కీ డ్రా కూపన్లు, స్కూలు వార్షికోత్సవం టికెట్లు వెయ్యి లోపు అయితే నంబర్ల కోసం ప్రెస్సుకు వెళ్ళక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని మెయిల్ మెర్జ్ చాలు. అంటే ఎక్సెల్ జాబితాలోని వివరాలను వర్డ్ పేజీలో వాటి చోట్లలో తానే నింపే సదుపాయం. కానీ అందులో చాలామంది ఎంచుకునే ‘లేబుల్స్’ రకం టికెట్లకు పనికిరాదు. మొదటి షీటు మీద 1 నుంచి 8, రెండో దాని మీద 9 నుంచి 16 పడతాయి. దొంతర పెట్టి కోస్తే మొదటి కట్టలో 1, 9, 17 వస్తాయి. వెయ్యీ చేత్తో వరస పెట్టుకోవాలి.

దాని బదులు ‘లెటర్స్’ రకం ఎంచుకోండి. ఏ4 కాగితానికి నాలుగువైపులా 8 మి.మీ. అంచు, రెండు కాలమ్‌లు, నాలుగు వరసల టేబుల్, గడి 97 × 70 మి.మీ. వరస ఎత్తును ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించాలి. షీటుకు 8 చొప్పున వెయ్యికి 125 షీట్లు. ఎక్సెల్‌లో మొదటి వరసలో ఎనిమిది కాలమ్‌లకు పేర్లు పెట్టి, రెండో వరసలో 1, 126, 251, 376, 501, 626, 751, 876 కొట్టండి. మూడో వరసలో వాటికి ఒక్కోటి కలిపి 2, 127 ఇలా. ఈ రెండు వరసలూ సెలెక్ట్ చేసి, మూలనున్న చుక్క పట్టుకుని 126వ వరస దాకా లాగండి. ఆ ఎక్సెల్ ఫైలును వర్డ్‌లోని మెర్జ్‌కు జతచేసి, టేబుల్‌లో గడికొక కాలమ్ ఫీల్డు (ఆ కాలమ్ నంబరు వచ్చి పడే చోటు) పెట్టండి. కౌంటర్‌ఫాయిల్ (మన దగ్గర ఉంచుకునే ముక్క) ఉంటే అదే ఫీల్డు రెండోసారి కూడా. కోశాక మొదటి కట్ట 1–125, రెండోది 126–250. కట్టలు వరసగా పేర్చడమే మిగులుతుంది. ఈ ఒక్క సౌకర్యానికే నా ఓటు దీనికి.

ఎక్సెల్‌లో 0001 అని కనబడినా వర్డ్‌లోకి 1 మాత్రమే వస్తుంది, ఎందుకంటే ఫార్మాట్ వెంట రాదు. ఆల్ట్+ఎఫ్9 నొక్కితే ఫీల్డు కోడ్ కనబడుతుంది, అందులో ఫీల్డు పేరు తర్వాత \# 0000 చేర్చండి. టేబుల్ కింద వర్డ్ ఒక ఖాళీ పేరా తప్పనిసరిగా ఉంచుతుంది. అది రెండో పేజీలోకి జారితే ప్రతి షీటుకూ ఒక తెల్లకాగితం వృథా. దాని ఫాంటు సైజు 1 చేయండి.

మెర్జ్ లేకుండా వర్డ్ తానే వరస నంబర్లు వేసే సీక్వెన్స్ ఫీల్డు యాభై టికెట్లకు పర్వాలేదు. టెక్స్ట్ బాక్సుల్లో పెడితే మాత్రం కంట్రోల్+ఏ, ఎఫ్9 కొట్టినా నంబర్లు మారవు. చింపడానికి చిల్లుల గీత కావాలంటే ప్రెస్సే గతి.

ప్రింటుకు ముందు ‘ఎడిట్ ఇండివిడ్యువల్ డాక్యుమెంట్స్’తో ఫైలు తయారుచేసి చివరి పేజీ చూడండి: 125తో మొదలై 1000తో ముగియాలి. మధ్యలో 37వ షీటు నలిగితే పేజీ నంబరుగా 37 ఇవ్వకండి. మెర్జ్‌లో ఒక్కో షీటు ఒక్కో సెక్షను (ఫైల్లో విడి భాగం) కాబట్టి, 37కు ముందు ఇంగ్లిషు ‘ఎస్’ అక్షరం కొట్టాలి. తిరిగి వేసిన షీటును దాని స్థానంలోనే పెట్టి కోయండి.